అక్వేరియంలో యాంటీ క్లోరిన్ ముందు పోయాలా, తర్వాత పోయాలా? ఎంత పోయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబు ఏడో తరగతి. జనవరిలో వాడి పుట్టినరోజుకు రెండడుగుల అక్వేరియం, నాలుగు గోల్డ్ ఫిష్‌లు కొన్నాం. ప్రతి ఆదివారం చేపలను బకెట్లోకి తీసి, తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి నల్లా కింద శుభ్రంగా కడిగి, మళ్లీ నింపుతాం. చేపలను వదిలాక షాపతను చెప్పినట్టు, నల్లా నీళ్లలో క్లోరిన్ పోవడానికని యాంటీ క్లోరిన్ మందు రెండు మూతలు పోస్తాం. నాలుగు నెలలుగా ఏమీ కాలేదు. మొన్న ఆదివారం పదకొండింటికి ఇలాగే చేశాం. శనివారమే మా అపార్ట్‌మెంట్ సంపు కడిగించారు కాబట్టి నీళ్లు కూడా శుభ్రంగానే ఉన్నాయి. అరగంటలో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. భయమేసి ఇంకో మూత పోశాను. సాయంత్రానికి ఒకటి చచ్చిపోయింది. బుధవారం ఇంకొకటి. షాపులో అడిగితే "డోసు తక్కువైంది మేడమ్, ఇగ నుంచి మూడు మూతలు పొయ్యిండ్రి" అన్నాడు. మావారేమో "ఆ మందే చంపింది. మందు బంద్ చేసి బోరు నీళ్లు పొయ్యి" అంటున్నారు. ఎవరి మాట వినాలి? మా బాబుది కూడా ఒక ప్రశ్న ఉంది: చేపలు ఆ మందు తాగుతాయా?

జవాబు: మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది: శనివారం సంపు కడిగించారు అన్నది. నేను అక్కడే ఆగిపోయాను. ముందు మీ వాచ్‌మన్‌ను పిలిచి, సంపు దేంతో కడిగారో అడగండి. మన అపార్ట్‌మెంట్లలో సంపు కడగడమంటే చాలాచోట్ల క్లోరిన్ వదిలే బ్లీచింగ్ పౌడర్ చల్లి, చీపురుతో రుద్ది, ఒకసారి నీళ్లు కొట్టి వదిలేయడమే. కొందరైతే సంపు నిండాక కూడా "సేఫ్టీకి" ఇంకో గుప్పెడు వేస్తారు. మనుషులకు అది పెద్దగా తెలియదు, స్నానం చేసేటప్పుడు కాస్త వాసన వస్తుంది, అంతే. చేపకు అలా కాదు. నాలుగు నెలలు ఏమీ కాకుండా ఆ ఒక్క ఆదివారమే ఎందుకు జరిగిందంటే, నా అనుమానం మొదట ఆ సంపు మీదికే పోతుంది.

అయితే సంపు ఒక్కటే కారణమని చెప్పి ముగిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. మీ రెండు చేపలు రెండు వేర్వేరు కారణాలతో పోయాయని నాకనిపిస్తోంది. అరగంటలో నోరు తెరిచి సాయంత్రానికి పోయినది నీళ్లు తగిలిన దెబ్బకు పోయింది. బుధవారం పోయినది మాత్రం మీరు తొట్టిని శుభ్రంగా కడిగినందుకు పోయి ఉండొచ్చు. ఈ రెండో మాట మీకు వింతగా ఉంటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నల్లా నీళ్ల సంగతి. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ రిజర్వాయర్ మన ఊరికి తాగునీటి ఆధారాలు. ఆ నీళ్లు ఫిల్టర్ బెడ్లలో శుభ్రమై, క్లోరిన్ కలిశాక పైపుల్లోకి వస్తాయి. దారి పొడవునా పైపుల్లో ఎక్కడ మురికి కలిసినా క్రిములు చావాలి కాబట్టి, చిట్టచివరి ఇంటి నల్లాలో కూడా కొంత క్లోరిన్ మిగిలేటట్టు వేస్తారు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చివరి ఇంటికి అంత మిగలాలంటే ట్యాంకు దగ్గరున్న ఇంటికి అంతకన్నా ఎక్కువే వస్తుంది. వానాకాలంలో నీళ్లు బురదగా వచ్చినప్పుడు, వరదలప్పుడు, ఊళ్లో వాంతులు విరేచనాలు మొదలైనప్పుడు ఇంకా పెంచుతారు. పెంచాలి కూడా. కాబట్టి "పోయిన వారం ఇదే నల్లా, ఈ వారం కూడా ఇదే నల్లా" అని మనం అనుకుంటాం గానీ, అందులో క్లోరిన్ ఏ రెండు వారాలూ ఒకేలా ఉండదు.

మనకు క్షేమమైన ఆ 0.2 మిల్లీగ్రాములే చేపకు ప్రమాదం. ఇక్కడే మీ బాబు ప్రశ్నకు జవాబు చెప్పాలి, చాలా మంచి ప్రశ్న అడిగాడు. మంచినీటి చేప నీళ్లు దాదాపుగా తాగదు. తాగాల్సిన అవసరం దానికి లేదు. చుట్టూ ఉన్న నీళ్లకన్నా దాని ఒంట్లో ఉప్పు ఎక్కువ కాబట్టి మొప్పల గుండా, చర్మం గుండా నీళ్లు వాటంతటవే లోపలికి వస్తుంటాయి. వచ్చిన నీళ్లను పలుచటి మూత్రంగా బయటికి పంపడమే దానికి పెద్ద పని. అందువల్ల క్లోరిన్ గానీ మందు గానీ పొట్టలోకి పోయి పనిచేయవు, నేరుగా మొప్పల మీదే పడతాయి. మన ఊపిరితిత్తులను ఎవరైనా విప్పి బయట ఆరేస్తే ఎలా ఉంటుందో మొప్పలు అలాంటివి. పల్చటి పొర, దాని కిందే రక్తం. క్లోరిన్ ఆ పొరను కాలుస్తుంది. కాలిన మొప్పతో ఆక్సిజన్ అందక చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండా ఉన్నా దానికి అందదు.

ఇప్పుడు షాపతని దగ్గరికి వద్దాం. షాపుల్లో "యాంటీ క్లోరిన్" అని అమ్మేదాన్నే కంపెనీలు వాటర్ కండిషనర్ అంటాయి. చాలా సీసాల్లో ఉండేది సోడియం థయోసల్ఫేట్. పాత ఫొటో స్టూడియోల్లో నలుపు తెలుపు ఫొటోలు కడగడానికి "హైపో" అని ఒక తెల్లటి స్ఫటికం వాడేవారు, అదే ఇది. చేపపిల్లలు పెంచేవాళ్లు ఇప్పటికీ ఆ స్ఫటికాలనే కొని నీళ్లలో కరిగించి వాడుకుంటారు. క్లోరిన్‌ను ఇది చాలా వేగంగా విరిచేస్తుంది. నీళ్లలో బాగా కలిస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు. మందు మంచిదే. మీరు వాడిన క్రమం తప్పు.

చేపలను వదిలాక మందు పోశానన్నారు. అంటే మందు కలిసేదాకా, ఐదు నిమిషాలో పది నిమిషాలో, ఆ నాలుగు చేపలూ పచ్చి నల్లా నీళ్లలో ఈదాయి. మామూలు వారాల్లో ఆ కాసేపు తట్టుకున్నాయి. బ్లీచింగ్ పడిన వారం తట్టుకోలేకపోయాయి. తర్వాత ఎన్ని మూతలు పోసినా కాలిన మొప్ప బాగుపడదు. మందు పని క్లోరిన్‌తోనే, చేపతో కాదు. అందుకే మందు పోయాల్సింది బకెట్లో, తొట్టిలోకి ఒక్క చుక్క కొత్త నీళ్లు పోయకముందే.

ఇక ఆ మూత. ఏ మూత? ఒక్కో సీసాకు ఒక్కో సైజు మూత ఉంటుంది. నేను నా దగ్గరున్న ఒక చిన్న సీసా మూతను సిరంజితో కొలిస్తే ఆరు మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువే పట్టింది. మందు గాఢత కూడా కంపెనీకి ఒక రకం. ఉదాహరణకు సీకెమ్ ప్రైమ్ అనే మందు చాలామంది వాడతారు. దాని లేబుల్ ప్రకారం 200 లీటర్లకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక మూత. మీది రెండడుగుల తొట్టి. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, నీళ్ల ఎత్తు 13 అనుకుందాం. మూడూ గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి: 61 లీటర్ల చిల్లర. అడుగున రాళ్లు పోగా 55. దానికి ఆ మందు 1.4 మిల్లీలీటర్లు చాలు. రెండు మూతలంటే 400 లీటర్ల డోసు. మూడో మూతతో 600 లీటర్లు. మీ సీసా ఇంకా పలుచటి రకమైతే రెండు మూతలు సరిపోవచ్చు కూడా. లేబుల్ చూడకుండా నేను చెప్పలేను, షాపతను కూడా చెప్పలేడు. మీ తొట్టి ఎన్ని లీటర్లని అతను అడిగాడా? అడగకుండా చెప్పే డోసు డోసు కాదు, అలవాటు.

ఎక్కువ పోస్తే ఏమవుతుంది? థయోసల్ఫేట్ కాస్త ఎక్కువైతే చేప చావదు, ఆ మేరకు మీవారి భయం అనవసరం. కానీ కొన్ని కండిషనర్లలో ఉండే రసాయనాలు మోతాదు బాగా మించితే క్లోరిన్ అయిపోయాక నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీద పడతాయి. మామూలు రోజుల్లో ఎయిర్ పంపు నడుస్తుంటే ఇది లెక్కలోకి రాదు. మే నెల, పదకొండు గంటలు, మేడ మీద ట్యాంకు నుంచి వచ్చిన నీళ్లు అయితే మాత్రం లెక్కలోకి వస్తుంది. ఆ టైంకు మన ఓవర్‌హెడ్ ట్యాంకుల నీళ్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? చేయి పెడితే చురుక్కుమంటాయి. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత తక్కువ ఆక్సిజన్ పడుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర ఏడుకు పడిపోతుంది. గోల్డ్ ఫిష్ అసలే చల్లటి నీళ్ల చేప. మొప్ప కాలింది, నీళ్లు వేడి, ఆక్సిజన్ తక్కువ, పైనుంచి భయంతో పోసిన మూడో మూత. సాయంత్రం పోయిన చేప కథ ఇది అనుకుంటున్నాను.

బుధవారం చేప కథ వేరు. మొదట్లో నేను కూడా మీలాగే చేసేవాణ్ని కాబట్టి ఇది చెప్పే అర్హత నాకుంది. కొత్తలో నా తొట్టి ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి, నురగ లేకుండా, నీళ్లు తెల్లగా వచ్చేదాకా పిండేవాణ్ని. ఇంట్లో వాళ్లు మెచ్చుకునేవాళ్లు కూడా. మూడు రోజులకు చేపలు మూలకు చేరేవి. ఎందుకో తెలియక నీళ్లు బాగాలేవని మళ్లీ మొత్తం మార్చేవాణ్ని. అలా ఆరు చేపలు పోయాక గానీ అర్థం కాలేదు, ఆ స్పాంజిలో ఉన్నది మురికి ఒక్కటే కాదని.

చేప వదిలే వ్యర్థం, తినగా మిగిలిన గింజలు కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది చేపకు విషం. స్పాంజికి, రాళ్లకు పట్టుకుని ఉండే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ మాత్రం చాలా వరకు భరించగలిగింది. మనం వారానికోసారి నీళ్లు మార్చేది ఆ నైట్రేట్ పేరుకోకుండా ఉండటానికే. పెరుగు తోడుకోవాలంటే గిన్నెలో కాస్త తోడు మిగలాలి కదా, తొట్టికి ఆ తోడు స్పాంజిలో ఉంటుంది. క్లోరిన్ నల్లా కింద స్పాంజి పిండి, రాళ్లు కడిగి, నీళ్లన్నీ పారబోస్తే ప్రతి ఆదివారం మీరు తోడు లేకుండా పాలు పెట్టినట్టే. నాలుగు గోల్డ్ ఫిష్‌లు వదిలే అమ్మోనియాను మార్చేవాళ్లు ఎవరూ ఉండరు. రెండు మూడు రోజుల్లో అది పెరుగుతుంది. మంగళవారం, బుధవారం నాటికి చేపలు మందకొడిగా ఉంటున్నాయని మీరెప్పుడైనా గమనించారా? ఈసారి మొప్పలు ముందే దెబ్బతిని ఉన్నాయి, బుధవారానికి తట్టుకోలేకపోయింది.

ఇందులోనే ఇంకో సంగతి. నీళ్లలో అమ్మోనియా ఉన్నచోట క్లోరిన్ పడితే రెండూ కలిసి క్లోరమైన్ అవుతుంది. థయోసల్ఫేట్ అందులో క్లోరిన్ భాగాన్ని విరిచేస్తుంది, అమ్మోనియాను వదిలేస్తుంది. స్పాంజిలో బ్యాక్టీరియా బలంగా ఉంటే ఆ కొంచెం సంగతి అదే చూసుకుంటుంది. లేబుల్ మీద క్లోరమైన్, అమ్మోనియా అని కూడా రాసి ఉన్న మందులు ఆ భాగాన్ని ఒకటి రెండు రోజులు కట్టిపడేస్తాయి. డబ్బు కాస్త ఎక్కువైనా, వానాకాలంలో అలాంటిది ఇంట్లో ఉంచుకోవడం మంచిది. కలబంద రసం, "చేప చర్మానికి రక్షణ" అని సీసా మీద రాసే మాటలకు మాత్రం నేను అదనంగా రూపాయి పెట్టను.

మీవారి సలహాకు వద్దాం. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, నిజమే. అందులో ఎవరూ బ్లీచింగ్ కలపకపోతే యాంటీ క్లోరిన్ అవసరమే లేదు. కానీ "క్లోరిన్ లేదు" అంటే "చేపకు సిద్ధంగా ఉంది" అని కాదు. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి. అందుకని ముందు రోజు రాత్రే బకెట్లో పట్టి, ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గొట్టం చివర పెట్టే, బుడగలు వదిలే రాయి) వేసి వదిలేయాలి. ఇంకొకటి, మన దగ్గర చాలా బోర్లది గట్టి నీళ్లు. స్నానాల గదిలో బకెట్ అంచున తెల్లటి చారలు కడుతున్నాయంటే మీ బోరు కూడా అంతే. గోల్డ్ ఫిష్‌కు, గప్పీలకు గట్టి నీళ్లు ఇబ్బంది కాదు, పైగా నచ్చుతాయి. నియాన్ టెట్రా లాంటి వాటికి నచ్చవు. ప్రమాదం ఎక్కడంటే, నాలుగు నెలలు నల్లా నీళ్లకు అలవాటు పడిన చేపను ఒక్క ఆదివారం నుంచి పూర్తిగా బోరు నీళ్లలో వేయడంలో. మార్చాలనుకుంటే మార్చండి, వారానికో బకెట్ చొప్పున నెల రెండు నెలల్లో మారుతుంది. ఇంట్లో ఆర్వో ఉంది కదా, అవి పోస్తే గొడవ లేదు అనుకోకండి. ఆర్వో నీళ్లలో చేపకు కావాల్సిన లవణాలు కూడా ఉండవు, అవి ఒక్కటే పోస్తే పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి, నిలకడగా ఉండదు.

మరి ఈ ఆదివారం నుంచి ఎలా? శనివారం రాత్రి ఒక బకెట్లో 15 లీటర్ల నీళ్లు పట్టండి. ఆ బకెట్ చేపలకే, ఇంకెవరూ దాంట్లో సర్ఫు నానబెట్టకూడదు. దాని మీద మార్కర్‌తో చేప బొమ్మ గీయమని బాబుకు చెప్పండి. మీ తొట్టికి 15 లీటర్లంటే నాలుగో వంతు. వారానికి అంత మారిస్తే చాలు, మొత్తం ఖాళీ చేసే పని ఇక లేదు. మెడికల్ షాపులో ఒక మిల్లీలీటరు సిరంజి కొనండి, సూది అక్కడే తీయించేయండి. లేబుల్ మీద డోసు ఎన్ని లీటర్లకు ఎంత అన్నది చూసి, బకెట్లోని 15 లీటర్లకు లెక్కకట్టండి. ఇందాక చెప్పిన మందైతే 0.4 మిల్లీలీటర్ల లోపే. లేబుల్ మీద చుక్కల లెక్క రాసి ఉంటే చుక్కలే వేయండి. అసలు డోసు రాయని సీసా, పెద్ద డబ్బాలోంచి వంపి ఇచ్చిన లేబుల్ లేని సీసా అయితే తిరిగి ఇచ్చేయండి. మందు వేశాక చేత్తో కాకుండా ఒక గరిటెతో కలిపి, ఎయిర్ స్టోన్ వేసి నీడలో వదిలేయండి. రాత్రంతా ఉంటే నీళ్లు గది వేడికి వస్తాయి, అదే అసలు లాభం. ఏదైనా సీసా మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తే పాడైందని పారేయకండి, గంధకం ఉన్న మందులకు ఆ వాసన మామూలే. గడువు తేదీ మాత్రం చూడండి, సీసాను కిటికీ ఎండలో పెట్టకండి.

పైపు పెట్టి నేరుగా తొట్టిలోకే నింపేవాళ్లకు లెక్క వేరు. మీరు అలా చేయరు గానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం చెబుతున్నాను. అప్పుడు మందు కొత్త నీళ్లకు కాదు, తొట్టి మొత్తం నీళ్లకు లెక్కకట్టి, పైపు తిప్పకముందే వేయాలి. ఎందుకంటే కొత్త నీళ్లు పడుతున్న కొద్దీ ఆ మందు తొట్టి అంతటా పలచబడిపోతుంది.

ఆదివారం పొద్దున ముందు ఫిల్టరు, లైటు ప్లగ్గులు తీసేయండి. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు బయటికి రావాలి. చలికాలంలో హీటర్ పెట్టేవాళ్లు అది ఆపి, ఓ పావుగంట చల్లారనిచ్చాకే నీళ్లు తీయాలి. నీళ్లలోంచి వేడిగా బయటపడితే గాజు పగులుతుంది. పైపుతో నీళ్లు లాగేటప్పుడు నోటితో పీల్చకండి, నొక్కే బుడ్డి ఉన్న సైఫన్ పైపు దొరుకుతుంది. రాళ్ల మధ్య మురికిని ఆ పైపుతోనే లాగుతూ ఒక బకెట్ నీళ్లు తీయండి. చేపలు తొట్టిలోనే ఉండనివ్వండి, వాటిని పట్టి తీయడం వల్ల పడే భయమే ఎక్కువ. స్పాంజి మురికిగా ఉంటే, తీసిన ఆ పాత నీళ్లలోనే రెండుసార్లు మెత్తగా పిండి మళ్లీ పెట్టేయండి. అది నల్లగానే ఉంటుంది, ఉండనివ్వండి. కొత్త నీళ్లలో ఒక చేయి, తొట్టిలో ఒక చేయి పెట్టి చూడండి, తేడా తెలియకపోతే చెంబుతో నెమ్మదిగా పోయండి. మొత్తం పని ఇరవై నిమిషాలు. ఇదివరకు మీకు పూట పట్టి ఉంటుంది.

సంపు కడిగిన వారం, పెద్ద వాన పడిన వారం, నల్లా తిప్పగానే ముక్కుకు వాసన తగిలిన వారం నీళ్లు మార్చడం మానేయండి. వారం ఆలస్యమైతే చేపలు చావవు. గింజలు కాస్త తగ్గించండి, అంతే. తప్పనిసరి అయితే క్లోరిన్ ఎంత ఉందో చూసుకునే మార్గం ఉంది. పంచాయతీ, మున్సిపల్ సిబ్బంది నల్లాల దగ్గర క్లోరోస్కోప్ అని ఒక చిన్న డబ్బాతో పరీక్ష చేస్తుంటారు, గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే క్లోరిన్ అంత ఎక్కువ. అలాంటి కిట్లు బయట కూడా దొరుకుతాయి. మందు కలిపిన బకెట్లోంచి కాసిని నీళ్లు తీసి చూస్తే రంగు అసలు రాకూడదు. ఆ పరీక్ష నీళ్లు మాత్రం తొట్టిలోనూ, బకెట్లోనూ పోయకండి, ఆ చుక్కలు విషం. పరీక్ష మీరే చేయండి, బాబు చేత చేయించకండి.

మందు లేకుండా నీళ్లను ఒక రోజు నిలవ ఉంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. క్లోరిన్ ఒక్కటే ఉంటే, వెడల్పు నోరున్న పాత్రలో ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచితే చాలా వరకు పోతుంది. మూత పెట్టిన డ్రమ్ములో, సంపులో అంత తొందరగా పోదు. క్లోరమైన్ అయితే నిలవ ఉంచినా పోదు. బ్లీచింగ్ ఎక్కువ పడిన నీళ్లను ఈ పద్ధతికి వదిలేయడం నాకు ధైర్యం చాలదు. కల్లుప్పు క్లోరిన్‌ను ఏమీ చేయదు, దానికి వేరే ఉపయోగాలున్నాయి. విటమిన్ సి క్లోరిన్‌ను విరుస్తుందన్నది నిజమే గానీ, మన ఇళ్లలో ఉండే నారింజ రుచి బిళ్లల్లో చక్కెర, రంగు కూడా ఉంటాయి, వాటిని బకెట్లో వేయకండి. ఇంకో జాగ్రత్త: ఎప్పుడైనా చేపల జబ్బుకు పొటాషియం పర్మాంగనేట్ వాడుతుంటే అదే నీళ్లలో యాంటీ క్లోరిన్ వేయకూడదు, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, చికిత్స దండగ. రాగి ఉన్న మందులు వాడేటప్పుడు కూడా కండిషనర్ లేబుల్ చదవకుండా కలపొద్దు.

సీసాను దగ్గు మందుల పక్కన, ఫ్రిజ్ మీద పెట్టే అలవాటు ఉంటే తీసేయండి. మీ బాబు పెద్దవాడే, కానీ ఇంటికి చిన్నపిల్లలు వస్తుంటారు. ఆ సిరంజి మీద కూడా "చేపలు" అని రాసి విడిగా పెట్టండి.

ఇక మిగిలిన రెండు చేపల సంగతి. ఈ వారం గింజలు సగానికి తగ్గించండి, ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడవనివ్వండి. అమ్మోనియా పరీక్ష కిట్ ఒకటి కొనుక్కుంటే మంచిది. అందులో అమ్మోనియా కనబడినంత కాలం రోజు విడిచి రోజు ఒక బకెట్ మార్చండి, పైన చెప్పినట్టే మందు ముందు కలిపి. మొప్పల అంచులు ఎర్రగా వాచి ఉన్నా, తెల్లబడి ఉన్నా భయపడి ఇంకో మందు పోయకండి, శుభ్రమైన నీళ్లు, గాలి తప్ప ఇప్పుడు వాటికి వేరే వైద్యం లేదు. కొత్త చేపలు అప్పుడే కొనకండి. స్పాంజి మళ్లీ తోడుకోవడానికి నెల పైనే పడుతుంది. నిజం చెప్పాలంటే ఆ తొట్టికి రెండు గోల్డ్ ఫిష్‌లే ఎక్కువ. అవి అరచేయంత దాటి పెరుగుతాయి, గప్పీలకన్నా ఎన్నో రెట్లు వ్యర్థం వదులుతాయి. షాపులో నాలుగు ఇచ్చారంటే ఇస్తారు, అది వాళ్ల వ్యాపారం.

కొలిచే పని బాబుకు అప్పజెప్పండి. ఏడో తరగతిలో నిష్పత్తులు ఉంటాయి. 200 లీటర్లకు 5 అయితే 15 లీటర్లకు ఎంత అని వాడే లెక్క వేసి సిరంజిలో పట్టాలి, మీరు సరిచూడాలి. తీసిన పాత బకెట్ నీళ్లు మోరీలో పోయకండి. ఉప్పు గానీ జబ్బు మందు గానీ కలపనివి అయితే, నైట్రేట్ ఉంటుంది కాబట్టి బాల్కనీలో గులాబీ కుండీలకు అంతకన్నా మంచి నీళ్లు దొరకవు.